బొమ్మలకు పెద్దపీట

ఒక కళారూపానికి గౌరవం ఎప్పుడు కలుగుతుంది? అది పుట్టిన నాడా? ప్రజలు దానిని అక్కున చేర్చుకొన్న నాడా? పండితులు దానిని గుర్తించిన నాడా? ఈ ప్రశ్న కొత్తది కాదు. మన జానపద గేయాలు తరతరాలుగా శ్రమజీవుల నాలుకల మీద నిలిచి, చాలాకాలం తరువాతగాని విశ్వవిద్యాలయాల గడప తొక్కలేదు. ప్రజలకు ప్రాణప్రదమైనది పండితులకు పామరంగా తోచడం, కాలం మారాక ఆ పండితులే దానికి పెద్దపీట వేయడం అనేక దేశాల కళాచరిత్రలో కనిపించే విషయమే. ఇటీవలి కాలంలో ఇందుకు చక్కని ఉదాహరణ జపాన్ దేశపు బొమ్మల ధారావాహికలు. ఒకనాడు పిల్లల కాలక్షేపమని వీటిని పక్కకు నెట్టిన పాశ్చాత్య విమర్శలోకం నేడు వీటిలోని మేలైనవాటిని నవలలతోను, చలనచిత్రాలతోను సమానంగా చర్చిస్తున్నది. ఈ మార్పు ఎలా వచ్చింది? దీనిని మనం ఏ దృష్టితో చూడాలి? ఈ రెండు విషయాలను పరిశీలిద్దాం.

‘అనిమే’ అనే మాట ‘యానిమేషన్’ అనే పదానికి జపనీయులు చేసుకొన్న సంక్షిప్త రూపం. జపాన్‌లో ఏ దేశపు బొమ్మల చిత్రాన్నైనా ఈ పేరుతోనే వ్యవహరిస్తారు. తక్కిన ప్రపంచంలో మాత్రం అది జపాన్‌లో రూపొందిన చిత్రాలకే స్థిరపడింది. వీటిలో చాలావాటికి మూలం ‘మాంగా’ అని పిలిచే బొమ్మల కథలు. మన దేశంలో బొమ్మల కథ అనగానే బాలల పత్రికలు గుర్తుకు వస్తాయి. జపాన్‌లో పరిస్థితి వేరు. బాలబాలికలకు, యువతీయువకులకు, నడివయసు ఉద్యోగులకు అక్కడ వేర్వేరు మాంగా పత్రికలు ఉన్నాయి. చరిత్ర, వైద్యం, వంట, క్రీడలు, యుద్ధం, కుటుంబ కలహాలు - వాటికి కథావస్తువు కాని విషయం లేదు. ఆ విస్తృతి సహజంగానే అనిమేకు కూడా సంక్రమించింది.

అమెరికాలో ఇందుకు భిన్నమైన సంప్రదాయం ఏర్పడింది. టెలివిజన్ రాకముందు అక్కడ బొమ్మల చిత్రాలను సినిమా హాళ్లలో అన్ని వయసులవారూ చూసేవారు. 1960ల తరువాత అవి శనివారం ఉదయపు పిల్లల కార్యక్రమాలుగా, బొమ్మల వ్యాపారులకు, మిఠాయి వ్యాపారులకు ప్రకటనల వేదికలుగా మారిపోయాయి. గీసిన బొమ్మ అంటే పసివాళ్లది, నటుడు కనిపించే చిత్రం అంటే పెద్దలది అనే గీత అలా పడింది. ఆ గీతను ఎవరూ చట్టంగా రాయలేదు. రాయకపోయినా విమర్శకులు దానిని శిలాశాసనంలా పాటించారు.

ఈ నేపథ్యంలో జపాన్ ధారావాహికల చరిత్రను గమనించాలి. 1963 జనవరి 1న ఫ్యూజీ టెలివిజన్‌లో ‘ఆస్ట్రో బాయ్’ ప్రసారం మొదలైంది. దీని సృష్టికర్త ఒసాము తెజుకా వైద్యవిద్య అభ్యసించి, చిత్రకళకే జీవితాన్ని అంకితం చేసిన వ్యక్తి. వారానికి అరగంట చొప్పున ఒక బొమ్మల కథను నడపడానికి కావలసిన ధనమూ లేదు, కాలమూ లేదు. కదలిక నునుపుగా కనిపించాలంటే క్షణానికి 12 నుంచి 24 బొమ్మలు గీయాలి. తెజుకా బృందం ఆ సంఖ్యను బాగా తగ్గించింది. ఒకసారి గీసిన బొమ్మలను దాచి మళ్లీ మళ్లీ వాడుకొన్నది. కదలని చిత్రం మీద కెమెరాను కదిలించింది. చలనంలో లోటును కథతో, స్వరంతో, సంగీతంతో పూరించింది. లేమిలో పుట్టిన ఈ ఉపాయాలే క్రమంగా ఒక శైలిగా రూపొందాయి. కదలికను తగ్గించుకొన్న కళ, నిశ్చలతను ఎలా వాడుకోవాలో నేర్చుకొన్నది.

‘ఆస్ట్రో బాయ్’ అదే సంవత్సరం అమెరికా చేరింది. ఆ తరువాత మరెన్నో ధారావాహికలు సముద్రం దాటాయి. కాని అవి చేరిన రూపం వేరు. 1972లో జపాన్‌లో మొదలైన ‘గచామన్’ 1978లో ‘బ్యాటిల్ ఆఫ్ ది ప్లానెట్స్’ పేరుతో అమెరికాలో ప్రసారమైంది. హింసాత్మక సన్నివేశాలను తొలగించి, ఆ ఖాళీలను నింపడానికి మూలంలో లేని ఒక మరమనిషి పాత్రను చొప్పించారు. 1985లో వచ్చిన ‘రోబోటెక్’ కథ మరీ విచిత్రమైనది. వారానికి ఐదు రోజుల ప్రసారానికి కనీసం 65 భాగాలు కావాలనే వ్యాపార నియమం ఉండేది. అందుకోసం ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు జపాన్ ధారావాహికలను కలిపి, 85 భాగాల ఒకే కథగా కుట్టారు. హయావో మియజాకి తీసిన ‘నౌసికా’ చలనచిత్రానికీ 1985లో ఇదే గతి పట్టింది. దాదాపు ఇరవై నిమిషాల కథను కత్తిరించి, కథానాయిక పేరు సైతం మార్చి విడుదల చేశారు. ‘పోకెమాన్’ ధారావాహికలో పిల్లలు తినే అన్నపు ముద్దలు ఆంగ్లంలోకి వచ్చేసరికి డోనట్‌లైపోయాయి. తెరమీద అన్నం ముద్ద స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. పాత్ర మాత్రం దానిని మిఠాయి అంటుంది. పరాయి దేశపు అన్నాన్ని అన్నంగా చూపడానికి కూడా సంకోచించిన రోజులవి.

ఈ దశలో పాశ్చాత్య విమర్శకులు అనిమేను పట్టించుకోలేదంటే ఆ తప్పు పూర్తిగా వారిదే అనలేం. వారి ముందుకు వచ్చింది మూలకృతి కాదు, దాని అవశేషం. ఒక కావ్యంలో సగం పద్యాలు తీసివేసి, మిగిలినవాటి క్రమం మార్చి, నాయిక పేరు కూడా మార్చి చదివి వినిపిస్తే ఏ పండితుడైనా కవిని మెచ్చుకొంటాడా? అయితే విమర్శకుడు తన ముందున్నది అసలు రూపమేనా అని ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్న వేసుకోకపోవడానికి కారణం చిన్నచూపు. చిన్నచూపు ఉన్నచోట కత్తిరింపు తప్పుగా తోచదు. కత్తిరించినదాన్ని చూసినకొద్దీ చిన్నచూపు బలపడుతుంది. ఈ రెండూ ఒకదానినొకటి పెంచి పోషించాయి.

ఈ వలయం తెగడానికి రెండు కారణాలు తోడ్పడ్డాయి. మొదటిది సాంకేతికం. వీడియో క్యాసెట్లు, ఆ తరువాత డీవీడీలు రావడంతో మూలకృతిని జపాన్ భాషలోనే, అడుగున అనువాదంతో, కత్తిరింపులు లేకుండా చూసే వీలు కలిగింది. కత్సుహిరో ఒతోమో తీసిన ‘అకిరా’ 1988లోను, మమోరు ఒషీ తీసిన ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’ 1995లోను వెలువడ్డాయి. రెండవ చిత్రం 1996లో అమెరికా వీడియో అమ్మకాల పట్టికలో ప్రథమ స్థానానికి చేరుకొన్నది. రెండో కారణం వ్యక్తిగతం. తమ అలవాటును పక్కనపెట్టి చూడగలిగిన కొందరు విమర్శకులు ముందుకు వచ్చారు. వారిలో రోజర్ ఈబర్ట్ ప్రముఖుడు. 1975లో పులిట్జర్ బహుమతి పొంది, ఆ గౌరవం అందుకొన్న మొదటి సినీ విమర్శకుడిగా పేరు తెచ్చుకొన్న ఆయన, ఇసావో తకహాతా తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ను గొప్ప యుద్ధ చిత్రాల సరసన నిలిపాడు. 1945 నాటి బాంబుదాడుల తరువాత ఒక అన్న, అతని చిన్న చెల్లెలు ఆకలితో చేసిన పోరాటం ఆ చిత్రానికి ఇతివృత్తం. దానిని ఉత్తమమైన బొమ్మల చిత్రం అని ఊరుకోకుండా, ఉత్తమమైన చిత్రం అనడంలోనే ఈబర్ట్ విశిష్టత ఉంది.

2002లో మియజాకితో ఈబర్ట్ జరిపిన సంభాషణ ఇక్కడ ప్రస్తావింపదగినది. మియజాకి చిత్రాలలో పాత్రలు కథకు అవసరం లేకపోయినా ఒక్కక్షణం కూర్చుంటాయి, నిట్టూరుస్తాయి, పారే నీటిని చూస్తాయి. అవి తనకు ఇష్టమని ఈబర్ట్ అన్నాడు. మియజాకి చప్పట్లు చరిచి, రెండు చప్పట్ల మధ్య ఉండే కాలానికి తమ భాషలో ‘మా’ అని పేరుందని వివరించాడు. ఊపిరి తీసుకొనే ఆ ఖాళీ లేకపోతే మిగిలేది హడావుడి మాత్రమేనని ఆయన భావం. మన సంగీతంలో శబ్దానికి ఎంత విలువ ఉందో విరామానికీ అంతే విలువ ఉందని ఎరిగినవారికి ఈ మాట కొత్తగా తోచదు. ఒక పాశ్చాత్య విమర్శకుడు ఆ ఖాళీని లోపంగా కాక లక్షణంగా గుర్తించడం విశేషం. కొత్త కళను గుర్తించడమంటే దానికి మార్కులు వేయడం కాదు, దాని వ్యాకరణం నేర్చుకోవడం.

ఆ తరువాతి చరిత్ర సుపరిచితమే. మియజాకి చిత్రం ‘స్పిరిటెడ్ అవే’ 2002లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నతమైన గోల్డెన్ బేర్ పురస్కారాన్ని మరొక చిత్రంతో కలిసి పంచుకొన్నది. 2003 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలుచుకొన్నది. 2016లో బి.బి.సి. విమర్శకుల అభిప్రాయాలు సేకరించి 21వ శతాబ్దపు మేటి చిత్రాల జాబితా రూపొందించినప్పుడు అది నాలుగో స్థానంలో నిలిచింది. బ్రిటన్‌కు చెందిన ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక పదేళ్లకొకసారి ప్రపంచ విమర్శకుల ఎన్నిక నిర్వహిస్తుంది. 1,600 మందికి పైగా పాల్గొన్న 2022 ఎన్నికలో తొలి నూరు చిత్రాలలో మియజాకివి రెండు ఉన్నాయి. 2024లో ఆయన ‘ది బాయ్ అండ్ ది హెరాన్’ మరొక ఆస్కార్ సాధించింది.

ఇవన్నీ చలనచిత్రాలకు దక్కిన గౌరవాలు. ధారావాహికల విషయంలో ఇంత వేగం కనిపించదు. ఇందుకు కారణం ఊహించదగినదే. చలనచిత్రం రెండు గంటల్లో ముగుస్తుంది. దర్శకుని పేరు, ఉత్సవాల ముద్ర దానికి అండగా నిలుస్తాయి. ధారావాహిక అలా కాదు. అది ఇరవై ఆరు వారాలపాటు సాగుతుంది. మొదటి మూడు భాగాలు సామాన్యంగా ఉండి, పద్దెనిమిదో భాగంలో గుండెను పిండివేయవచ్చు. పత్రికకు గడువులోగా సమీక్ష రాయవలసిన విమర్శకుడికి అంత తీరిక ఉండదు. కాని తీరిక లేకపోవడం కృతి దోషం కాదు. మహాభారతం పొడవైనదని దానిని చదవకుండానే తీర్పు చెప్పేవారిని మనం విమర్శకులని అనం.

షినిచిరో వతనబే దర్శకత్వంలో వచ్చిన ‘కౌబాయ్ బీబాప్’ను ఉదాహరణగా తీసుకొందాం. ఇది 26 భాగాల ధారావాహిక. 2071లో గ్రహాల మధ్య తిరుగుతూ నేరస్థులను పట్టి పొట్టపోసుకొనే కొందరు ఒంటరివారి కథ. యోకో కన్నో సమకూర్చిన జాజ్ సంగీతం దీనికి ప్రాణం. జపాన్‌లో కూడా 1998లో ఇది మొదట పూర్తిగా ప్రసారానికి నోచుకోలేదు. సగం కన్న తక్కువ భాగాలే వెలుగుచూశాయి. ఆ తరువాత ఉపగ్రహ చానల్‌లోగాని మొత్తం కథ ప్రేక్షకులకు చేరలేదు. 2001 సెప్టెంబరులో అమెరికాలో పెద్దల కోసం ప్రత్యేకించిన రాత్రివేళ ప్రసారాలలో దీనికి చోటు దొరికింది. వేళ మారగానే చూపూ మారింది. ఉదయం పిల్లల కోసం చూపినదాన్ని ఎవరూ సమీక్షించరు; అర్ధరాత్రి పెద్దల కోసం చూపినదాన్ని కొందరైనా ఆలోచనతో చూస్తారు.

అందులోని పద్దెనిమిదో భాగంలో ఫే అనే యువతికి ఒక పాత వీడియో టేపు చేరుతుంది. ఆమె దశాబ్దాలపాటు శీతలనిద్రలో ఉండి, గతాన్నంతా మరచిపోయి మేల్కొన్న మనిషి. ఆ టేపును ఆడించే యంత్రం కోసం ఆమె సహచరులు శిథిలమైన భూలోక నగరంలో వెదుకుతారు. అంతవరకు కథ హాస్యంగా సాగుతుంది. చివరకు టేపు తిరిగినప్పుడు తెరమీద కనిపించేది బాల్యంలోని ఫే. భవిష్యత్తులోని తనకు తానే ధైర్యం చెబుతూ, కేరింతలు కొడుతూ ఉత్సాహపరుస్తూ ఉంటుంది. చూస్తున్న ఫేకు ఆ పిల్ల ఎవరో గుర్తురాదు. మరిచిపోయిన మనిషికి కూడా తన బాల్యం చేయూతనివ్వాలని చూస్తుందన్న భావాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన కథలు తక్కువ. దీనిని బొమ్మల కథ కాబట్టి బాగుంది అనవచ్చునా? కథ బాగుంది అనడమే న్యాయం.

హిదేకి అన్నో రూపొందించిన ‘నియాన్ జెనిసిస్ ఇవాంజెలియన్’ మరో మైలురాయి. 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి వరకు జపాన్‌లో ప్రసారమైన ఈ ధారావాహిక పైకి భారీ యంత్రాల పోరాట గాథ. లోతుగా చూస్తే, తండ్రి మెప్పుకోసం అలమటిస్తూ, తోటివారిని దగ్గరకు రానివ్వడానికి భయపడే పద్నాలుగేళ్ల బాలుడి మనోవేదన. అందులో ఇద్దరు బాలికలు లిఫ్టులో నిలబడి ఉండే దృశ్యం ఒకటి ఉంది. దాదాపు నిమిషం పాటు ఎవరూ మాట్లాడరు, చిత్రం కదలదు. ఆ మౌనంలోనే వారిమధ్య ఉన్న వైరం ప్రేక్షకుడికి భరించరానంతగా తెలుస్తుంది. తెజుకా నాటి లేమిలో పుట్టిన నిశ్చలత ఇక్కడ మనస్తత్వ చిత్రణకు సాధనమైంది.

2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ ఈ ధారావాహికను ప్రపంచమంతటా అందుబాటులోకి తెచ్చింది. అప్పుడు పాశ్చాత్య పత్రికలలో జరిగిన చర్చ గమనింపదగినది. ఒక బాలుడు మరొకనితో అనే మాటను ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అని అనువదించాలా, ‘నువ్వంటే నాకిష్టం’ అని అనువదించాలా అన్నదానిపై తీవ్రమైన వాదోపవాదాలు సాగాయి. ఒకప్పుడు అన్నం ముద్దను డోనట్ అన్నా ప్రశ్నించని లోకం, ఒక్క క్రియాపదం అర్థచ్ఛాయ కోసం వాదించుకొనే స్థితికి వచ్చింది. గుర్తింపు అంటే ఇదే. పురస్కారాల సంఖ్య కన్న ఇటువంటి వాదమే ఆ కళకు దక్కిన నిజమైన మర్యాద.

మరొక సంఘటన ఈ మార్పును ఇంకా స్పష్టం చేస్తుంది. 2021 నవంబరులో ‘కౌబాయ్ బీబాప్’ను నటీనటులతో పునర్నిర్మించి విడుదల చేశారు. విమర్శకులలో చాలామంది దానిని మూలంతో పోల్చి పెదవి విరిచారు. కొద్దివారాల్లోనే అది ఆగిపోయింది. ఇక్కడ గమనించవలసింది ఆ ప్రయత్నపు వైఫల్యం కాదు, తూనికరాయి మారిన తీరు. పూర్వం బొమ్మల చిత్రం మనుషుల చిత్రంలా ఉన్నదా అని చూసేవారు. ఇప్పుడు మనుషుల చిత్రం బొమ్మల చిత్రం స్థాయికి ఎదిగిందా అని అడిగారు.

2023లో మొదలైన ‘ఫ్రీరెన్’ ఈ మార్గంలో ఇటీవలి మజిలీ. సామాన్యంగా వీరగాథలు రాక్షసరాజు వధతో ముగుస్తాయి. ఈ కథ అక్కడినుంచి మొదలవుతుంది. వేల ఏండ్లు బతికే మాంత్రికురాలు, తనతో పదేళ్లు ప్రయాణించిన వీరుడు ముసలివాడై మరణించినప్పుడు, అతడిని తెలుసుకోవడానికి తాను ఎన్నడూ ప్రయత్నించలేదని గ్రహించి కన్నీరు పెట్టుకొంటుంది. తక్కిన కథంతా ఆ ఆలస్యపు గ్రహింపు నుంచి పుట్టినదే. పాశ్చాత్య సమీక్షకులు దీని నెమ్మదితనాన్ని గుణంగా మెచ్చుకొన్నారు. ‘మా’ అనే మాటను వివరించవలసి వచ్చిన కాలంనుంచి ఇక్కడికి రెండు దశాబ్దాలు పట్టింది.

ఇంతవరకు ఒక పార్శ్వం. ఇప్పుడు ఆక్షేపణలను పరిశీలించాలి. పాశ్చాత్యులు మెచ్చుకొంటేనేమి, మెచ్చుకోకపోతేనేమి, జపాన్ కళకు వారి ముద్ర ఎందుకు అని కొందరు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇది జపాన్‌కు కొత్త అనుభవం కూడా కాదు. ఉకియో-ఎ అనే చెక్క అచ్చుల చిత్రాలు అక్కడ సామాన్యులు కొనుక్కొనే చవక బొమ్మలు. అవి ఐరోపా చేరాక అక్కడి చిత్రకారులు ముగ్ధులయ్యారు. విన్సెంట్ వాన్ గో 1887లో హిరొషిగే చిత్రాలను రంగులలో తిరిగి గీసుకొన్నాడు. పరాయివారి ప్రశంస తరువాత స్వదేశంలోనూ వాటి విలువ పెరిగింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మనకే పరిమితం కాదన్నమాట.

కాని అనిమే విషయంలో జపనీయులు ఆ పొరపాటును తిరిగి చేయలేదు. ‘ఇవాంజెలియన్’ 1997లోనే జపాన్ వైజ్ఞానిక కల్పనా రచయితల సంఘం ఇచ్చే నిహోన్ ఎస్.ఎఫ్. తైషో పురస్కారాన్ని అందుకొన్నది. తత్త్వవేత్త హిరోకి అజుమా 2001లో అనిమే అభిమానుల లోకాన్ని వస్తువుగా తీసుకొని గ్రంథమే రాశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అనిమే సరిగా ఆ క్రమంలోనే నడిచింది. అందుచేత పాశ్చాత్యుల గుర్తింపు దానికి ప్రాణం పోసిందనడం అతిశయోక్తి. అది అనిమేకు కొత్త విలువను ఇవ్వలేదు, పాశ్చాత్య విమర్శకు కొత్త చూపును ఇచ్చింది. లాభపడినవారు చూసినవారే.

రెండో ఆక్షేపణ మరింత బలమైనది. ఏటా వెలువడే ధారావాహికలలో అధికభాగం నాసిరకం. అవసరం లేని హింస, స్త్రీలను భోగవస్తువులుగా చూపే చిత్రణ, ఒకే కథను పేరు మార్చి చెప్పడం వీటిలో విరివిగా కనిపిస్తాయి. ఇది కాదనలేని నిజం. అయితే దీనికి మందు విమర్శను మానుకోవడం కాదు, విమర్శను పెంచడం. చిన్నచూపు చూసేవాడు మంచినీ చెడునూ ఒకే గాటకట్టి తోసివేస్తాడు. గుడ్డి అభిమాని రెండింటినీ ఒకేలా నెత్తిన పెట్టుకొంటాడు. ఇద్దరూ నిజానికి చూడనివారే. లోపాన్ని లోపమని నిర్మొహమాటంగా చెప్పడం కూడా ఒక కళను గౌరవించడమే. ఎందుకంటే పెద్దవారి మాటను మాత్రమే మనం తప్పుపడతాం, పసివాడి మాటను నవ్వి ఊరుకొంటాం.

అంతేకాదు, తెర వెనుక ఉన్నవారిని కూడా విమర్శ చూడాలి. క్షణంలో మెరిసి మాయమయ్యే ఒక్కొక్క బొమ్మ వెనుక ఒక చేయి ఉంటుంది. జపాన్‌లో ఆ చేతులకు దక్కే ప్రతిఫలం చాలాకాలంగా స్వల్పమే. 2024లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల నిపుణుల బృందం జపాన్‌పై ఇచ్చిన నివేదిక ఈ పరిశ్రమలోని తక్కువ వేతనాలను, మితిమీరిన పనిగంటలను ప్రస్తావించింది. తెజుకా కాలపు లేమి శైలిని ప్రసాదించిందని మెచ్చుకోవచ్చు. ఆ లేమి నేటికీ చిత్రకారుల ఇళ్లలో కొనసాగడాన్ని మెచ్చుకోలేం. కళను పెద్దల కళగా గుర్తించిన లోకం, కళాకారుని శ్రమను కూడా శ్రమగా గుర్తించాలి.

ఈ చరిత్రతో మనకేమి సంబంధం అని విద్యార్థులు అడగవచ్చు. సంబంధం ఉంది. రామాయణాన్ని యూగో సాకో అనే జపాన్ దర్శకుడు, మన దేశానికి చెందిన రామ్ మోహన్ వంటివారి సహకారంతో 1990ల ప్రారంభంలో అనిమేగా రూపొందించాడు. రాముని కథ బొమ్మలలో చూపడం ఆ మహాకావ్యానికి తగునా అని అప్పట్లో మనవారిలో కొందరు అభ్యంతరం చెప్పారు. అదే చిత్రం 2025 జనవరిలో తెలుగుతో సహా పలు భాషలలో మన థియేటర్లకు తిరిగి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ అనే అనిమే చిత్రం తెలుగు మాటలతో విడుదలైంది. మన యువత వాటిని చూస్తున్నది, చర్చించుకొంటున్నది. కాని వాటి గుణదోషాలను విశ్లేషించే తెలుగు విమర్శ ఎంత వెలువడింది? తోలుబొమ్మలాటలో రాత్రి తెల్లవార్లూ రామాయణ భారతాలు చూసి కంటతడి పెట్టిన జాతి మనది. తెరమీది బొమ్మ పెద్దలది కాదన్న అపోహ మనకు పరాయిది కావలసింది. అయినా ఆ అపోహను మనం కూడా అరువు తెచ్చుకొన్నాం.

కాళిదాసు తన ‘మాళవికాగ్నిమిత్రం’ ప్రస్తావనలో ఒక మాట చెప్పాడు. పాతదంతా మంచిదీ కాదు, కొత్తదైనంత మాత్రాన కావ్యం నింద్యమూ కాదు. వివేకులు పరీక్షించి స్వీకరిస్తారు, అవివేకులు ఇతరుల నమ్మకాన్ని బట్టి నడుస్తారని దాని సారాంశం. పాశ్చాత్యులు తోసివేసిన నాడు తోసివేయడమూ, వారు మెచ్చుకొన్న నాడు మెచ్చుకోవడమూ ఈ రెండో కోవకే చెందుతాయి. 2023 మార్చిలో ఒక తెలుగు పాట ఆస్కార్ గెలిచినప్పుడు మనమంతా ఉప్పొంగిపోయాం. అది సహజమే. కాని ఆ పాట ఆ రోజునుంచి మంచిదైందని తెలుగువాడెవడూ అనడు. అంతకు ఏడాది ముందే అది మన పెళ్లిపందిళ్లలో మారుమోగింది. ఈ ఎరుక మన పాట విషయంలో ఉన్నట్లే ఇతర కళల విషయంలోనూ ఉండాలి.

మన ఆలంకారికులు ఉత్తమ పాఠకునికి ‘సహృదయుడు’ అని పేరు పెట్టారు. కవి హృదయంతో సమానమైన హృదయం కలవాడని దాని అర్థం. కృతి ఏ దేశానిది, ఏ మాధ్యమంలోనిది, ఎవరు మెచ్చుకొన్నారు అన్న ప్రశ్నలకు ఆ మాటలో చోటు లేదు. పాశ్చాత్య విమర్శకులు అరవై ఏళ్ల కాలంలో, తడబడుతూనైనా, ఆ లక్షణాన్ని కొంత అలవరచుకొన్నారు. అందుకు వారిని అభినందించాలి. వారి తీర్పును అరువు తెచ్చుకోవడం మాత్రం మనకు తగదు. వారు నేర్చుకొన్న ఓర్పును మనమూ నేర్చుకొందాం. ఒక కథ మన ముందుకు వచ్చినప్పుడు అది గీసినదా, నటించినదా అని కాక, పూర్తిగా చూశామా, న్యాయంగా తూచామా అని మనల్ని మనమే ప్రశ్నించుకొందాం. అప్పుడే మన మెప్పుకు విలువ, మన విమర్శకు బలం చేకూరుతాయి.